గౌన్లు లేని ఊరేగింపు

1966 నవంబరు 1, మంగళవారం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఇవాళ్టికి పదేళ్లు. వాల్తేరు అప్‌ల్యాండ్స్‌లో, ఆంధ్ర విశ్వవిద్యాలయం హాస్టలు మెట్ల మీద నువ్వు చెప్పులు తొడుక్కుంటున్నావు. కింద సముద్రం, ముఖానికి ఉప్పుగాలి.

"ఒరే నర్సీపట్నం, వస్తన్నావా లేదా?"

ఇక్కడ అందరూ నిన్ను ఊరి పేరుతోనే పిలుస్తారు.

బస్సెక్కించేటప్పుడు నాన్న ఒకటే చెప్పాడు: "చదువుకో నాయినా, గొడవల్లోకెళ్లకు." ఆయన కలలు కనేది కాన్వొకేషన్ కోసం. గౌన్లు వేసుకున్న పెద్దలు బారులు తీరి నెమ్మదిగా నడిచి రావాలి. ఛాన్సలర్ హోదాలో గవర్నరు వస్తే హాలంతా లేచి నిలబడాలి. ఆ వరసలో కొడుకు పేరు వినబడాలి. నలభై ఏళ్లుగా, కట్టమంచి రామలింగారెడ్డి తొలి వైస్‌ఛాన్సలర్‌గా ఉన్ననాటి నుంచీ, ఉత్తరాంధ్ర పల్లెల్లో ఎంతోమంది తండ్రుల కల అదే.

ఈ రోజు ఊరేగింపులో గౌన్లు లేవు. నలిగిన చొక్కాలు, గీరుకుపోయిన గొంతులు. "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు!" ముందు వరస అంటుంది, నువ్వు అందుకుంటావు. కలెక్టరాఫీసు దగ్గర అక్టోబరు 15న అన్నం మానేసిన టి.అమృతరావుకి ఇది పద్దెనిమిదో రోజు. ఆయనది గుంటూరు జిల్లా. విశాఖలో ఫ్యాక్టరీ కోసం ఆయన ప్రాణం పణం పెడుతుంటే, ఈ జిల్లా కుర్రాడివి నువ్వు హాస్టల్లో ఎలా కూర్చుంటావు?

అడిగేది దానం కాదు. ఐదో ఉక్కు కర్మాగారానికి విశాఖే అనువని 1965లో ఆంగ్లో అమెరికన్ నిపుణుల బృందం చెప్పింది. ఓడరేవు పక్కనే ఉంది. శాసనసభ తీర్మానమూ చేసింది. ఢిల్లీ మాత్రం నాన్చుతూనే ఉంది.

పాతపట్నం వైపు నుంచి జనం పరుగెత్తుకొస్తున్నారు. చెప్పులు రోడ్డు మీదే. కాల్పులట. పాత పోస్టాఫీసు దగ్గరట. ఎవరో నిన్ను సందులోకి లాగారు. ఒకావిడ తలుపు తీసి "లోపలికి రండి బాబూ" అంటోంది. పోయినవాళ్లలో తొమ్మిదేళ్ల పిల్లాడు కూడా ఉన్నాడని సాయంత్రానికి తెలుస్తుంది.

నర్సీపట్నం వాడికి తుపాకుల కథ కొత్తది కాదు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లలో తుపాకులు పట్టుకుపోయిన సంగతి మామ్మ చెప్పగా విన్నావు. ఆ తుపాకులు తెల్లవాడివి. ఇవాళ్టివి మన ప్రభుత్వానివి. పదో పుట్టినరోజున సొంత పిల్లల మీద తూటా పేల్చడానికి ఏ శాంతిభద్రతల సాకూ చాలదు. ఈ మాట అప్పుడూ నిజమే, ఇప్పుడూ నిజమే.

ఉద్యమంలో రాష్ట్రమంతటా 32 మంది పోయారు. ఢిల్లీ ఔననడానికి 1970 ఏప్రిల్ 17 దాకా పట్టింది. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. ఆ తర్వాత ఎన్నో ఊళ్ల రైతులు భూములు వదులుకున్నారు. ఇవేవీ నీకు ఇంకా తెలియవు.

ఇప్పుడు నువ్వు ఊరెళ్లే బస్సు దిగుతున్నావు. నాన్న ఎదురొచ్చి చేతులూ భుజాలూ తడిమి చూశాడు.

"పరీక్షలు పోతాయి కదరా."

"పోతే మళ్లీ రాసుకుంటాను నాన్నా. ఫ్యాక్టరీ ఇప్పుడు పోతే మళ్లీ రాదు."