విద్యాచట్టాల పునఃసమీక్షలు – సంఘం ఇచ్చిన సాక్ష్యం (1813–1882)

మన దేశంలో క్రైస్తవ విద్యాసేవ చరిత్రను సాధారణంగా మిషనెరీల జీవితచరిత్రల ద్వారా, కళాశాలల శతజయంతి సంచికల ద్వారా తెలుసుకుంటాము. ఆ పాఠశాలలు ఏ చట్టం కింద నడిచాయి, ప్రభుత్వం ఆ చట్టాన్ని ఎప్పుడెప్పుడు తిరిగి పరిశీలించింది అన్న విషయాలపై మనం పెట్టిన శ్రద్ధ తక్కువ. 1813 నుండి 1882 వరకు జరిగిన సమీక్షలను ఈ వ్యాసంలో పరిశీలించి, వాటి ముందు సంఘం ఏ ప్రశ్నతో నిలిచిందో చూద్దాము.

1. ఇరవై ఏళ్ళకొకసారి జరిగిన విచారణ

ఈస్ట్ ఇండియా కంపెనీ పరిపాలనకు బ్రిటిష్ పార్లమెంటు ఇచ్చిన చార్టరు ఆధారం. దానిని ఇరవై ఏళ్ళకొకసారి పునరుద్ధరించేవారు. ఆ సమయంలో కంపెనీ పరిపాలనంతా విచారణకు వచ్చేది. 1793లో మిషనెరీలను, ఉపాధ్యాయులను పంపడానికి వీలు కల్పించాలని విల్బర్‌ఫోర్స్ చేసిన ప్రయత్నం విఫలమైంది. ఇరవై ఏళ్ళ తరువాత అదే ప్రశ్న తిరిగి వచ్చింది. 1813 చార్టరు చట్టం మిషనెరీల రాకకు అనుమతిపత్రాల ద్వారా మార్గం తెరిచింది. విద్య కోసం ఏటా లక్ష రూపాయలకు తగ్గకుండా కేటాయించాలని కూడా చెప్పింది. ఒకసారి మూసిన తలుపును మళ్ళీ తట్టే అవకాశం కాలానుగుణ సమీక్ష వల్లనే దొరికిందని ఇక్కడ గ్రహించగలము.

1853లో చివరి పునరుద్ధరణ జరిగింది. అప్పుడు పార్లమెంటరీ కమిటీ ఎదుట సాక్ష్యమిచ్చినవారిలో స్కాట్లండు మిషనెరీ అలెగ్జాండర్ డఫ్ ఒకరు. ఆ విచారణ నేపథ్యంలోనే 1854 జులై 19న చార్లెస్ ఉడ్ పేరున ప్రసిద్ధమైన తాఖీదు వెలువడింది. ప్రతి రాష్ట్రంలో విద్యాశాఖ, మూడు విశ్వవిద్యాలయాలు, ప్రైవేటు పాఠశాలలకు సహాయక గ్రాంట్లు దాని ముఖ్యాంశాలు. లౌకిక విద్య సరిగా జరుగుతోందా అన్నదే తనిఖీలో చూస్తారు. మతబోధ జోలికి పోరు. నేటి ఎయిడెడ్ పాఠశాలల మూలం ఇదే.

2. గ్రాంటు ఎవరికి అందింది?

సామాన్య ప్రజలకు ఉపయోగకరమైన విద్య అందించాలన్నది ఆ తాఖీదు ఆశయాలలో ఒకటి. అయితే గ్రాంటు పొందాలంటే ముందు స్థానికులు కొంత ఖర్చు భరించాలి. పట్టణాలలోని ఇంగ్లీషు పాఠశాలలకు అది సాధ్యమే. కూలినాలి చేసుకునే పల్లెలకు అది దుర్లభం. 1859లో విధానాన్ని తిరిగి పరిశీలించిన లార్డ్ స్టాన్లీ, ప్రాథమిక విద్యకు ఈ పద్ధతి సరిపడదని, స్థానిక పన్ను అవసరమని సూచించాడు.

కులం అడ్డు కూడా ఉండేది. 1856లో ధార్వాడ్ ప్రభుత్వ పాఠశాలలో చేర్చుకోమని ఒక మహర్ బాలుడు దరఖాస్తు చేస్తే నిరాకరించారు. ప్రభుత్వ పాఠశాలలు అన్ని తరగతులవారికి తెరిచి ఉండాలని 1858లో కంపెనీ డైరెక్టర్లు తెలిపారు. ఆచరణ మాత్రం వెంటనే మారలేదు.

తెలుగుదేశంలోనూ ఈ రెండు ధోరణులు కనిపిస్తాయి. 1843లో రాబర్ట్ నోబుల్ మచిలీపట్నంలో స్థాపించిన పాఠశాల ముఖ్యంగా పై కులాల యువకులను ఉద్దేశించినది. 1878 జులై 3న ఒంగోలు సమీపంలో గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. వారి పిల్లలకు కావలసింది పల్లెబడి.

3. 1882: హంటర్ కమిషన్

1854 విధానం ఎంతవరకు అమలైందో విచారించడానికి 1882 ఫిబ్రవరిలో లార్డ్ రిప్పన్ విలియం హంటర్ అధ్యక్షతన కమిషన్‌ను నియమించాడు. 1878లో లండన్‌లో మిషన్ల మద్దతుదారులు ఏర్పరచిన విద్యామండలి చేసిన ఒత్తిడి దీనికి ఒక కారణం. మద్రాసు క్రైస్తవ కళాశాలకు చెందిన విలియం మిల్లర్ కమిషన్ సభ్యుడు. ప్రాథమిక విద్య నిర్లక్ష్యమైందని ఆ మండలి చెప్పిన మాట వాస్తవమే. కాని దానితోపాటు మిషన్ కళాశాలల గ్రాంటు, ప్రభుత్వ కళాశాలల పోటీ అనే విషయాలు కూడా ముడిపడి ఉన్నాయి. ఉన్నత విద్య నుండి ప్రభుత్వం క్రమంగా తప్పుకున్నా ఆ సంస్థలను మిషన్ల చేతికి అప్పగించరాదని కమిషన్ అభిప్రాయపడింది. ప్రాథమిక విద్యను బలపరచాలని, కులం కారణంగా ప్రభుత్వ పాఠశాలలో ప్రవేశం నిరాకరించరాదని సిఫారసు చేసింది.

అదే కమిషన్ ఎదుట మరి రెండు గొంతులు వినిపించాయి. రైతుల శ్రమ నుండి వచ్చిన పన్నును పై తరగతుల విద్యకు ఖర్చు చేస్తున్నారని, కనీసం పన్నెండేళ్ళ వరకు ప్రాథమిక విద్య నిర్బంధం కావాలని పూణేకు చెందిన జోతిరావు ఫూలే విన్నవించాడు. ఆయన స్కాటిష్ మిషన్ పాఠశాలలో చదివినవాడు. స్త్రీలకు ఉపాధ్యాయినులు, వైద్యురాండ్రు కావాలని పండిత రమాబాయి కోరింది. అప్పటికి ఆమె క్రైస్తవురాలు కాదు. మరుసటి ఏడు బాప్తిస్మం పొందింది. తమ సంస్థకు ఏమి దక్కుతుందని వీరిద్దరూ అడగలేదు. బడి బయట ఎవరు మిగిలారని అడిగారు.

4. మనకు వచ్చే పాఠం

స్వతంత్ర భారతంలోనూ సమీక్షలు ఆగలేదు. 1986 జాతీయ విద్యావిధానం తన అమలును ఐదేళ్ళకొకసారి సమీక్షించాలని తానే చెప్పింది. 1990లో రామమూర్తి కమిటీ పరిశీలన జరిగింది. 1992లో సవరణలు వచ్చాయి. 2009 విద్యాహక్కు చట్టం అల్పసంఖ్యాకుల విద్యాసంస్థలకు, అవి ఎయిడెడ్ అయినా కాకపోయినా, వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2025లో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పుపై సందేహం వ్యక్తం చేసి, విషయాన్ని ప్రధాన న్యాయమూర్తికి నివేదించింది.

రాజ్యాంగంలోని 30వ అధికరణం మనకిచ్చిన హక్కును కాపాడుకోవడం న్యాయమే. అయితే ఆ హక్కు ఎవరి కోసమని విచారణ వేదికలపై అడిగినప్పుడు, మన పాఠశాలల హాజరుపట్టీలలోని పేర్లే మన జవాబు అవుతాయి. గుండ్లకమ్మ ఒడ్డున బాప్తిస్మం పొందినవారి ముని మనుమలు అందులో ఉన్నారా? రాబోయే సమీక్షకు వినతిపత్రం రాయబోయే ముందు ప్రతి సంఘం, ప్రతి పాలకవర్గం ఆ పట్టీని ఒకసారి తెరిచి చూడాలని మేము కోరుతున్నాము.