మనసు సాఫ్ట్‌వేర్: కొనేదెవరు, వాడేదెవరు?

తిఫ్రాలో ఎవరికైనా మనసు బాగాలేకపోతే మొన్నమొన్నటి దాకా రెండే దారులు. ఒకటి బైగా దగ్గరికో, గునియా దగ్గరికో పోయి ఝాడ్-ఫూంక్ చేయించుకోవడం. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వే ఉద్యోగాలకొచ్చి ఇక్కడే స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాలు కూడా ఈ విషయంలో ఏమీ వెనకబడి లేవు. అక్కడ భూతవైద్యుడు, ఇక్కడ బైగా, అంతే తేడా. రెండో దారి, బిలాస్‌పూర్‌కి అవతలి వైపు రతన్‌పూర్ రోడ్డులో ఉన్న సేంద్రి ప్రభుత్వ మానసిక ఆసుపత్రి. మన సినిమాలవాళ్ళు ఎర్రగడ్డ పేరుని హాస్యానికి వాడి వాడి ఏం చేశారో తెలుసు కదా. అలాంటి ఆసుపత్రికి వెళ్ళామని చెప్పుకోవడానికి ఎవరూ ఇష్టపడరు.

ఇప్పుడు మూడో దారి వచ్చింది. అది జేబులోని ఫోనులో ఉంది. దిగులుగా ఉందా, నిద్ర పట్టడం లేదా, ఈ యాప్ వేసుకోండి, రాత్రి రెండింటికైనా మాట్లాడుతుంది, ఎవరికీ చెప్పదు అంటారు. మన హేతువాద మిత్రులు చాలామంది దీన్ని చూసి సంతోషిస్తున్నారు. బైగా పోయి కంప్యూటర్ వచ్చింది, సైన్సు గెలిచింది అని. అంత తొందర వద్దని నా మనవి. బైగాని అడిగే ప్రశ్నలే దీన్నీ అడగాలి కదా. నయమవుతుందని ఎవరు చెప్పారు? ఎలా తేల్చారు? డబ్బు ఎవరిది, ఎవరికి చేరుతోంది? నేను డిఫెన్స్ అకౌంట్స్‌లో బిల్లులు పాస్ చేసిన మనిషిని కాబట్టి ఆఖరి ప్రశ్న నాకు ముందు తడుతుంది. అందుకే ఈ సరుకు ఎక్కడ పుట్టిందో, ఎవరు కొంటూ వచ్చారో కాస్త వెనక్కి వెళ్ళి చూద్దాం.

కథ 1966లో అమెరికాలో మొదలైంది. ఎం.ఐ.టి.లో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే ప్రొఫెసర్ ఎలైజా అనే ప్రోగ్రామ్ రాశాడు. అది సైకోథెరపిస్టులా నటిస్తుంది. మీరు అమ్మ గురించి ఏదైనా టైపు చేస్తే, మీ కుటుంబం గురించి ఇంకా చెప్పమంటుంది. మీ మాటనే కాస్త తిప్పి మీకే ప్రశ్నగా వేస్తుంది. దానికి అర్థమయ్యేది ఏమీ లేదు. ఆ సంగతి రాసినాయనకి తెలుసు, ఆయన సెక్రటరీకీ తెలుసు. అయినా ఆవిడ దాంతో మాట్లాడుతూ, కాసేపు గది బయట ఉండమని ఆయన్నే అడిగిందట! మన ఊళ్ళో సోది చెప్పేవాళ్ళ విద్య కూడా చాలా భాగం ఇదే. వచ్చినవాడు చెప్పిందే వాడికి తిప్పి చెప్పడం.

వైజెన్‌బామ్ దీనికి భయపడ్డాడు. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్‌లో కెన్నెత్ కోల్బీ అనే మానసిక వైద్యుడికి మాత్రం ఇందులో భవిష్యత్తు కనిపించింది. వైద్యులు కొరతగా ఉన్నారు కాబట్టి ఇలాంటి కంప్యూటర్ ఒక్కటుంటే గంటకి కొన్ని వందల మంది రోగుల్ని చూడొచ్చని తన సహచరులతో కలిసి పత్రిక వ్యాసంలో రాశాడు. 1976లో వైజెన్‌బామ్ రాసిన పుస్తకంలో చాలా భాగం ఇలాంటి ఆలోచన మీద కోపమే. తర్వాత కోల్బీ డిప్రెషన్‌కి ఒక ప్రోగ్రామ్ తయారుచేసి అమ్మాడు. కొన్నవాళ్ళలో అమెరికా నౌకాదళం, మాజీ సైనికుల శాఖ ఉన్నాయి. ఇది గుర్తుంచుకోండి. దిగులుతో ఉన్న సిపాయి తన జేబులోంచి తీసి కొన్నది కాదది. ఇండెంట్ పెట్టింది ఒకరు, బిల్లు కట్టింది ఒకరు, వాడింది ఇంకొకరు. మా ఆఫీసుల్లో బూట్ల కొనుగోలు కూడా ఇలాగే ఉండేది. బూటు కరిచేది సిపాయినే, కానీ టెండరు కమిటీలో వాడు ఉండడు.

రెండో పాయ రికార్డులది. 1960ల చివర్లో న్యూయార్క్ రాష్ట్రంలోని రాక్‌లాండ్ ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో అనేక రాష్ట్రాల మానసిక రోగుల వివరాలని ఒకే కంప్యూటర్‌లో పెట్టే పథకం మొదలైంది. పేరే మల్టీ-స్టేట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్. మొదలైన కొన్నేళ్ళకే రోగుల పేర్లు బయటికి పొక్కితే ఎలా అన్న గొడవ వచ్చింది. 1972లో ఈ రికార్డుల రక్షణ కోసమే న్యూయార్క్ ఒక చట్టం చేసింది. అంటే ఇవాళ మనం మాట్లాడుకుంటున్న గోప్యత సమస్య కొత్తదేం కాదు, కంప్యూటర్‌తోపాటే పుట్టింది. ఈ రంగంలో పెద్ద కంపెనీ అయిన నెట్‌స్మార్ట్ కూడా తన వయసుని 1968 నుంచే లెక్కపెట్టుకుంటుంది.

ఆ తర్వాత పాతికేళ్ళ సంగతి పెద్దగా చెప్పుకోవలసింది లేదు. భీమా కంపెనీలకి బిల్లు పంపాలంటే జబ్బుకి కోడ్ నంబరు కావాలి. 1980లో వచ్చిన డి.ఎస్.ఎం.-3 అనే జబ్బుల జాబితా ఆ పనికి బాగా కలిసొచ్చింది. సాఫ్ట్‌వేర్ కంపెనీలు కోడ్లు, అపాయింట్‌మెంట్లు, బిల్లులు అమ్ముకుంటూ బతికాయి.

అసలు మలుపు 2009. ఆర్థికమాంద్యం నుంచి బయటపడటానికి ఒబామా ప్రభుత్వం చేసిన ఖర్చులో, ఆసుపత్రులు కాగితాల నుంచి కంప్యూటర్‌కి మారితే ప్రోత్సాహకం ఇస్తామన్న చట్టం ఒకటి ఉంది. హైటెక్ చట్టం అంటారు. మొత్తం సుమారు 2,700 కోట్ల డాలర్లని అంచనా. మెడికేర్ కింద ఒక్కో డాక్టరుకి 44,000 డాలర్ల దాకా. అయితే అర్హుల జాబితాలో మానసిక ఆసుపత్రులు లేవు, కమ్యూనిటీ మానసిక కేంద్రాలు లేవు, సైకాలజిస్టులు లేరు, సోషల్ వర్కర్లు లేరు. ఎం.డి. చదివిన సైకియాట్రిస్టుకి ఉంది, అదే గదిలో కూర్చుని రోగితో గంటసేపు మాట్లాడే సైకాలజిస్టుకి లేదు! డబ్బున్న చోటికే ఎపిక్, సెర్నర్ లాంటి పెద్ద కంపెనీలు వెళ్ళాయి. మానసిక వైద్యం మిగతా వైద్యం నుంచి విడిపోయి, చిన్నచిన్న కంపెనీల చేతిలో పడింది. బిహేవియరల్ హెల్త్ సాఫ్ట్‌వేర్ అని ఇవాళ విడిగా ఒక మార్కెట్ ఉందంటే అందులో సగం పాపం (పుణ్యం అనేవాళ్ళూ ఉన్నారు) ఆ అర్హుల జాబితాదే. ఒక పద్దులో నాలుగు పేర్లు వదిలేస్తే పదేళ్ళలో ఒక పరిశ్రమ ఎలా తయారవుతుందో చూడండి.

ఆ చిన్న కంపెనీలని తర్వాత పెట్టుబడి సంస్థలు కొనడం మొదలుపెట్టాయి. 2016లో నెట్‌స్మార్ట్ సుమారు 95 కోట్ల డాలర్లకి చేతులు మారింది. 2020లో క్వాలిఫ్యాక్ట్స్, క్రెడిబుల్ అనే రెండు పోటీదార్లు కలిసిపోయాయి. సొంత ప్రాక్టీసు పెట్టుకున్న థెరపిస్టుల కోసం థెరపీనోట్స్, సింపుల్‌ప్రాక్టీస్ లాంటివి వచ్చాయి. పోటీ గట్టిగానే ఉంది. కానీ దేనిమీద? నోటు ఎంత త్వరగా రాయొచ్చు, బిల్లు ఎంత తొందరగా పాస్ అవుతుంది, ఇనస్పెక్షన్‌కి రిపోర్టు ఎంత సులువుగా వస్తుంది. వీటిలో తప్పేమీ లేదు, ఆఫీసు నడవాలంటే ఇవన్నీ కావలసినవే. రోగికి నయమైందా అన్నది మాత్రం పోటీలోకి రావడానికి దారే లేదు, ఎందుకంటే కొనేవాడు దాన్ని అడగడు.

ఇక యాప్‌ల కాలం. ఇక్కడైనా నయం కావడం మీద పోటీ జరిగిందా? రెండు కంపెనీల కథ చెప్తాను. పేర్ థెరప్యూటిక్స్ అనే కంపెనీ మత్తు వ్యసనాలకి రీసెట్ అనే యాప్ చేసింది. మందుకి చేసినట్టే ట్రయల్ ఫలితాలు చూపించి 2017లో అమెరికా ఎఫ్.డి.ఏ. అనుమతి తెచ్చుకుంది. డాక్టరు చీటీ మీద రాయాల్సిన యాప్ అది. పద్ధతి ప్రకారం నడిచారు. 2021లో షేర్ మార్కెట్‌కి వెళ్ళేటప్పుడు కంపెనీ విలువ 160 కోట్ల డాలర్లన్నారు. కానీ భీమా కంపెనీలు చీటీలకి డబ్బు కట్టలేదు. 2023 ఏప్రిల్‌లో దివాలా తీసింది. ఆస్తులన్నీ కలిపి దాదాపు 60 లక్షల డాలర్లకి అమ్ముడుపోయాయి. ఎఫ్.డి.ఏ. అనుమతి కాగితాలు కూడా అందులోనే.

రెండోది బెటర్‌హెల్ప్. ఎఫ్.డి.ఏ. గుమ్మం తొక్కే పని లేకుండా ఫోన్‌లో కౌన్సెలర్లని కలిపే వ్యాపారం. విపరీతంగా పెరిగింది. మీ వివరాలు రహస్యంగా ఉంచుతామని చెప్పి, ఆ వివరాల్ని ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ లాంటి కంపెనీలకి ప్రకటనల కోసం ఇచ్చిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2023లో 78 లక్షల డాలర్లకి రాజీ అయింది. పేర్ మూతపడ్డ ఏడాదే ఇది. రుజువులు చూపించినవాడు దివాలా, రహస్యాలు పంచుకున్నాడని ఆరోపణ పడ్డవాడు జరిమానా లాంటిది కట్టి వ్యాపారం చేసుకుంటున్నాడు. మంచి సరుకుని మార్కెట్టే ఏరుకుంటుందని చెప్పే మిత్రులు ఈ రెండు బ్యాలెన్స్‌షీట్లు పక్కపక్కన పెట్టుకుని చూడాలి. 2017లో వచ్చి బాగా పేరు తెచ్చుకున్న వోబాట్ అనే మాట్లాడే యాప్ కూడా 2025 జూన్ 30న మూసేశారు.

రహస్యం పోతే ఏమవుతుందో తెలియాలంటే ఫిన్లాండ్ చూడాలి. వాస్తామో అనే సైకోథెరపీ కంపెనీ కంప్యూటర్లోకి దొంగ చొరబడి సుమారు 33,000 మంది రోగుల నోట్సు ఎత్తుకుపోయాడు. 2020లో ముందు కంపెనీని, తర్వాత ఒక్కొక్క రోగిని విడివిడిగా బెదిరించి డబ్బడిగాడు. మీరు థెరపిస్టుకి చెప్పింది ఇంటర్నెట్‌లో పెడతానని. కొందరివి పెట్టాడు కూడా. 2021లో కంపెనీ దివాలా తీసింది. 2024లో కింది కోర్టు దొంగకి ఆరేళ్ళ మూడు నెలల శిక్ష వేసింది. మన బైగాకి ఎన్ని దోషాలున్నా ఊరిమొత్తం గుట్టు ఒకే పెట్టెలో పెట్టి తాళం మరచిపోయే వసతి వాడికి లేదు.

మన దేశానికి వద్దాం. 2014లో బెంగళూరులో యువర్‌దోస్త్ మొదలైంది. అక్కడి నుంచే వైసా వచ్చింది. వైసా స్థాపకులిద్దరిలో ఒకరు రమాకాంత్ వేంపాటి. ఇంటిపేరు చూసి మనవాళ్ళు మురిసిపోతే పోనివ్వండి. దానికి 2022లో ఎఫ్.డి.ఏ. ‘బ్రేక్‌త్రూ డివైస్’ గుర్తింపు ఇచ్చింది. అనుమతి వచ్చేసిందని చాలామంది అనుకుంటారు. దాని అర్థం ఫైలుని త్వరగా చూస్తామని మాత్రమే, అనుమతి వేరు. ఇక్కడ కూడా మొదట్లో అందరికీ ఉచితం, తర్వాత అసలు గిరాకీ కంపెనీల హెచ్.ఆర్. విభాగాలు, భీమా సంస్థలు. ఉద్యోగి దిగులుకి యజమాని డబ్బు కడుతున్నాడు. ఉద్యోగి మనసులో మాట యజమానికి చేరదని ఒప్పందంలో రాసే ఉంటుంది. రాసి ఉండటం వేరు, ఎవరైనా ఆడిట్ చేసి తేల్చడం వేరు.

మరి తిఫ్రా పారిశ్రామికవాడలో రోజుకూలీకి పనిచేసేవాడికి హెచ్.ఆర్. ఎక్కడిది? 2015–16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో తీసుకున్న 12 రాష్ట్రాల్లో ఛత్తీస్‌గఢ్ ఒకటి. (తెలుగు రాష్ట్రాలు అందులో లేవు.) పెద్దవాళ్ళలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్య ఉందని, జబ్బుని బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యమే అందడం లేదని తేలింది. ఈ మనుషులు ఏ కంపెనీకీ గిరాకీ కారు. వీళ్ళ కోసం కొనగలిగింది ప్రభుత్వం ఒక్కటే. 2001లో తమిళనాడులోని ఏర్వాడి దర్గా దగ్గర గొలుసులతో కట్టేసి ఉన్న రోగులు మంటల్లో చిక్కుకుని 28 మంది చనిపోయారు. ఆ తర్వాతగానీ సుప్రీంకోర్టు కదలలేదు, ప్రభుత్వాలు కదలలేదు.

2022 అక్టోబర్ 10న కేంద్రం టెలి-మానస్ మొదలుపెట్టింది. నంబరు 14416. సాఫ్ట్‌వేర్ పని బెంగళూరు ఐ.ఐ.ఐ.టి.ది, వైద్యం పర్యవేక్షణ నిమ్హాన్స్‌ది. 20 భాషల్లో మాట్లాడతారు, తెలుగూ ఉంది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఉన్న మన పెద్దావిడ హిందీలో తన బాధ చెప్పుకోలేకపోతే తెలుగు ఎంచుకోవచ్చు. ఏ ప్రైవేటు యాప్ కన్నా ఇది నాకు నచ్చడానికి కారణం, అవతల మాట్లాడేది శిక్షణ పొందిన మనిషి, అవసరమైతే సైకియాట్రిస్టుకి కలుపుతారు, అమ్ముకోవడానికి ఏమీ లేదు. 2025 నాటికి వచ్చిన కాల్స్ 20 లక్షలు దాటాయి.

అయితే దీన్నీ లెక్క అడగాల్సిందే. 2023–24 బడ్జెట్‌లో దీనికి దాదాపు 134 కోట్లు చూపించారు. 2024–25లో 90 కోట్లు. కాల్స్ పెరుగుతుంటే పద్దు తగ్గింది. పైగా ఎన్ని కాల్స్ వచ్చాయన్నది పని ఎంత జరిగిందన్న లెక్క. ఫోన్ చేసినవాళ్ళలో ఎంతమందికి మూడు నెలల తర్వాత బాగుందన్నది ఇంకో లెక్క. సిబ్బంది కొరత ఉన్న ఆసుపత్రికి ఫోన్ మీంచి రోగుల్ని పంపిస్తే క్యూ పొడుగవుతుంది, అంతకంటే ఏం కాదు.

రహస్యం సంగతి కూడా కాగితం మీద బాగానే ఉంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలి, తన రికార్డు తాను చూసుకునే హక్కు రోగికి ఉంది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబర్‌లో ప్రకటించారు. కంపెనీల మీద పడే ముఖ్యమైన బాధ్యతలకి 18 నెలల గడువిచ్చారు. అంటే 2027 మే దాకా. ఈలోపు యాప్‌కి చెప్పుకున్న మాటలు ఎక్కడ దాస్తున్నారని కంపెనీకి ఉత్తరం రాసి అడిగే ఓపిక ఉన్నవాళ్ళు అడగండి, వచ్చిన జవాబు మిగతావాళ్ళకి కూడా చూపించండి.