ఒక తీపి వైను, రెండు చెవులు

వైను పేరులో చెవి ఉంటుందని తెలిసినప్పుడు నాకు నవ్వాగలేదు. ఇటలీలో వెరోనాకు ఉత్తరాన, వాల్పొలిచెల్లా కొండలోయల్లో చేసే ఎర్రటి తీపి వైను పేరు రెచోతో. అక్కడి యాసలో ‘రేచా’ అంటే చెవి. ద్రాక్షగుత్తిని తొడిమ పట్టుకుని ఎత్తితే పైన అటొకటి ఇటొకటి చిన్న గుత్తులు పొడుచుకొచ్చి ఉంటాయి చూశారూ, అవే చెవులు. ఎండ బాగా సోకేది వాటికే కనుక తీపీ వాటికే ఎక్కువ. పూర్వం ఆ చెవులనే ఏరి వైను చేసేవారని చెబుతారు.

ఈ వైనుకు ప్రధానమైన ద్రాక్ష కొర్వీనా. నల్లటి రంగు చూసి ‘కొర్వో’, అంటే మాలకాకి, పేరు పెట్టారంటారు. దానికి తోడు పడే రొండినెల్లా పేరులోనూ ఓ పిట్టే ఉంది. చెవులు, కాకులు, పిట్టలు: పేర్లు పెట్టింది పండితులు కాదు, తోటలో తిరిగినవాళ్లని తెలిసిపోతోంది.

శరదృతువులో కోసిన గుత్తుల్ని అటకల మీద, ఒకదానికొకటి తగలకుండా రెల్లు తడికలపై పరుస్తారు. ఒకప్పుడు ఆ తడికల మీదే పట్టుపురుగుల్నీ పెంచేవారు. హిందూపురం వైపు పట్టురైతుల ఇళ్లు చూసినవాళ్లకు ఆ అటక కొత్తగా అనిపించదు. మన మామిడి ఒరుగులకు ఎండ కావాలి. వీటికి నీడా చలిగాలీ కావాలి. మూడు నాలుగు నెలల్లో బరువు మూడోవంతు దాకా తగ్గి, పండు ముడతలు పడుతుంది. అప్పుడు తొక్కి పులియబెడతారు. చక్కెర చిక్కన, గది చల్లన. ఈస్టు అంతా తినలేక మధ్యలోనే చేతులెత్తేస్తుంది. అది వదిలేసిన చక్కెరే రెచోతో తీపి.

ఇక నాకిష్టమైన ఘట్టం. ఆరో శతాబ్దంలో ఇటలీని ఆస్ట్రోగోత్ రాజులు ఏలేవారు. వాళ్ల దగ్గర 533 నుంచి నాలుగైదేళ్లు పెద్ద పదవిలో ఉన్న కాసియొదోరస్, వెనీషియా ప్రాంతపు అధికారికి ఓ ఉత్తరం రాశాడు. విషయం పన్నులు కాదు, వైను. రాజుగారి భోజనానికి వెరోనా రైతుల దగ్గర ‘అచినాటికం’ కొని పంపమని. కొనమని ఊరుకోలేదు, తయారీ అంతా వర్ణించాడు. గుత్తుల్ని తలకిందులుగా వేలాడదీస్తారట. చలికాలం దాకా ఉంచి అప్పుడు పిండుతారట. అందరి నేలమాళిగల్లో వైను పాతబడే వేళకు ఇది కొత్తగా పుడుతుందట! అంత రాచకార్యంలో ఈ చమత్కారానికి తీరిక దొరికిందంటే ఆ గుమాస్తా మనసు నాకు ముద్దొస్తుంది. పైగా ఆ రోజులు మామూలువి కావు. బైజాంటైన్ సేనాని బెలిసారియస్ సైన్యం 535లో సిసిలీలో దిగింది, 540కి రాజధాని రవెన్నా చేజారింది. రాజ్యం పోయింది. ఉత్తరం మిగిలింది. కాసియొదోరస్ సొంతూరి వైపు వెళ్లి మఠం పెట్టుకుని, తొంభై దాటాక అక్షరదోషాల మీద పుస్తకం రాశాడు.

అక్కడి నుంచి వెయ్యేళ్లకు పైగా ఒక్క గెంతు. 1936లో నెగ్రార్ సహకార వైనుశాలలో ఓ రెచోతో పీపాను మరిచిపోయారని కథ. అడిగేవాడు లేక ఈస్టు చక్కెరంతా తినేసింది. రుచి చూసిన పెద్ద పనివాడు ఇది ఉత్త చేదు కాదు, ఘనమైన చేదు అన్నాడట. ఇటాలియన్‌లో అది ‘అమరోనే’. పొరపాటుకు పేరొచ్చింది, పేరుకు గిరాకీ వచ్చింది. ఇవాళ లోకమంతా అడిగేది అమరోనేనే. తల్లి రెచోతోకు 2010లో అమరోనేతో పాటే ఇటలీ వైనుల్లో అత్యున్నత హోదా దక్కింది గానీ, చేసేవాళ్లు తగ్గారు. చేదును గొప్పతనమని, తీపిని చిన్నపిల్లల సరదా అని తేల్చేసిన కాలం మనది. నాకైతే ఇది అన్యాయం.

తాగాల్సిన తీరు వెరోనా వాళ్లను చూసి నేర్చుకోవాలి. తీపి తక్కువున్న నల్ల చాక్లెట్‌తో బాగుంటుంది. గొర్గొంజోలా చీజ్ ఉప్పదనానికి దీని తీపి బలే జోడీ. పండగకు పాన్‌దోరో, వెరోనాలో 1894లో మెలెగాత్తి పేటెంటు పొందిన వెన్న కేకు. చిన్న గ్లాసు, కాస్త చల్లగా, తొందర లేకుండా.

ఇప్పుడు చెవులు మాత్రమే ఎవరూ ఏరరు, మంచి గుత్తులు మొత్తంగానే ఎండబెడతారు. చెవి పేరులోనే మిగిలింది. కానీ జనవరిలో ఊరంతా పాత వైను తాగుతుంటే, అటక మీది ముడతల ద్రాక్షను తొక్కడం మాత్రం ఇంకా అప్పుడే మొదలవుతుంది. కాసియొదోరస్ లెక్క ఇప్పటికీ తప్పలేదు.