లెక్కకు రాని చోటు

పారిస్ నగరంలోని మారే పేటలో, పదిహేడో శతాబ్దపు భవంతి పైఅంతస్తులో, ఒంటిగది ఇల్లు అమ్మకానికి ఉందన్న ప్రకటన ఈ మధ్య నా కంటబడింది. పాత దూలాలు, రాతిమెట్లు, 'చారిత్రక వాతావరణం' అన్నీ ధరలో కలిసే ఉన్నాయి. ఆ చరిత్ర ఎవరిదన్న సంగతి మాత్రం లేదు.

నేటి ప్లాస్ దె వోజ్ 1612లో ప్రారంభమైంది. దాని చుట్టుపక్కల ప్రభువులూ, పన్నుల గుత్తేదారులూ మేడలు కట్టించారు. ముందు ముంగిలి, వెనుక తోట, కప్పు కింద నౌకర్లు. ఉప్పుపన్ను వసూలుచేసిన ఓబేర్ 1656-59 మధ్య కట్టించిన భవనానికి జనం 'ఉప్పుమేడ' అని పేరుపెట్టారు. 1930లో ఉప్పుచట్టాన్ని ధిక్కరించిన దేశం వాళ్ళం; ఆ వెక్కిరింపును మనకెవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

పద్దెనిమిదో శతాబ్దంలోనే ప్రభువర్గం పడమటి పేటలకు తరలిపోసాగింది. 1789 విప్లవం తర్వాత ఈ మేడలు చేతిపనివాళ్ళ పాలయ్యాయి. ముంగిళ్ళలో కార్ఖానాల షెడ్లు లేచాయి. హాళ్ళు గదులుగా చీలాయి. హ్యూగో 1832 నుంచి 1848 దాకా అద్దెకున్నది ఇలాంటి మేడలోనే. మన ప్రేక్షకులు 1950లో 'బీదలపాట్లు'గా చూసిన కథకు మూలమైన నవలను ఆయన అక్కడే ప్రారంభించాడు. శతాబ్దం చివర జారు సామ్రాజ్యం నుంచి పారిపోయివచ్చిన యూదులు ఈ పేటలో తలదాచుకున్నారు. 1942 జూలైలో ఫ్రెంచి పోలీసులే వాళ్ళలో ఎందరినో కుటుంబాలతో సహా పట్టుకుపోయారు. కొన్ని గదులు అలా 'ఖాళీ' అయ్యాయి.

1962 ఆగస్టులో, నవలాకారుడైన మంత్రి మాల్రో పేరిట ప్రసిద్ధమైన చట్టం వచ్చింది. అది లేకపోతే ఈ మేడలు ఎన్నో నేలమట్టమయ్యేవి. ఈ మాట ఒప్పుకోవాలి. మారేలో 126 హెక్టార్లను రక్షిత ప్రాంతం చేశారు. అయితే రక్షణ దేనికి? రాతికి. షెడ్లను 'అతుకులు'గా తేల్చి ఊడబెరికారు. మరమ్మతులతో పాటు అద్దెలూ పెరిగాయి. పనివాళ్ళు ఊరిచివరకు పోయారు. నూటయాభై ఏళ్ళ శ్రమజీవుల చరిత్ర మురికి కింద జమ అయింది; అంతకు ముందరి ప్రభువుల చరిత్రే అసలు చరిత్ర అయింది.

పాత కావ్యాలకు 'శుద్ధప్రతి' తయారుచేసే పండితుల పద్ధతి నాకిక్కడ గుర్తుకొస్తుంది. ఏది మూలం, ఏది ప్రక్షిప్తం అన్న తీర్పు పాండిత్యం ఒక్కటే ఇవ్వదు. తీర్చేవాడి వర్గదృష్టి కూడా ఇస్తుంది.

ఫ్రాన్సులో 1996 నాటి చట్టం ప్రకారం, ఇలాంటి ఇల్లు అమ్మేటప్పుడు 1.80 మీటర్ల కంటే ఎత్తు తక్కువైన చోటును వైశాల్యంలో లెక్కించకూడదు. కొనేవాడికి అది న్యాయమే. కాని ఏటవాలు కప్పు కింద నౌకరు నడుం వంచి పడుకున్నది సరిగ్గా ఆ చోటులోనే. మనిషి నిటారుగా నిలబడలేని చోటును అమ్మకపుపత్రం వదిలేయవచ్చు. సాహిత్యచరిత్ర రాసేవాళ్ళం మనం వదిలేయకూడదు.