బెల్లు కొట్టేదెవరు? ఇంటర్ హాస్టళ్లలో నిద్ర, ఫోను, మానసిక ఆరోగ్యం

కౌమార వయసు పిల్లల నిద్ర మీద ఈమధ్య మన విశ్వవిద్యాలయాల్లో వస్తున్న పత్రాలు చాలావరకు ఒకే అచ్చులో ఉంటున్నాయి. కొరియాలో తయారైన స్మార్ట్‌ఫోన్ వ్యసన సూచిక ఒకటి, పిట్స్‌బర్గ్ నిద్ర నాణ్యతా సూచిక ఒకటి, కుంగుబాటును కొలిచే ప్రశ్నావళి ఒకటి. ఈ మూడూ దగ్గర్లోని కాలేజీలో పంచిపెడతారు. వచ్చిన మార్కుల మధ్య సహసంబంధం లెక్కగడతారు. ఫోను వల్ల నిద్ర చెడుతోందని, నిద్ర చెడి మనసు చెడుతోందని తేల్చేస్తారు. పిట్స్‌బర్గ్ ప్రశ్నావళి పిల్లవాడు ఎన్నింటికి లేస్తాడో అడుగుతుంది కానీ ఎవరు లేపుతారో అడగదు. ఆ అడగని ప్రశ్న నుంచే ఈ వ్యాసం పుట్టింది.

విజయవాడ, హైదరాబాదు రెసిడెన్షియల్ కాలేజీల్లో ఎంపీసీ, బైపీసీ చదువుతున్న పిల్లలతో సెలవుల్లో వాళ్ల ఇళ్ల దగ్గరే మాట్లాడుతూ వచ్చాను. ఫోను గురించి అడుగుదామని వెళితే వాళ్లు నిద్ర సంగతి ఎత్తారు. ఔటింగ్‌కి ఇంటికొస్తే ఫోను చూస్తావా అని ఒక బైపీసీ అమ్మాయిని అడిగాను. "చూస్తాను సార్, కానీ ముందు పడుకుంటాను" అంది. వాళ్లమ్మ అందుకుని, "మొదటిరోజు అన్నానికి కూడా లేవదండీ. గట్టిగా లేపితే స్టడీ అవర్‌కి టైమైందా అంటుంది" అని చెప్పింది. నా అనుమానం అప్పుడు మొదలైంది. మన పిల్లల నిద్రను దోచుకుంటున్నది తెర కాదు, టైంటేబుల్.

హైట్‌తో పేచీ

ఈ రంగంలో ఇప్పుడు చెల్లుబాటవుతున్న వాదం అమెరికా సామాజిక మనస్తత్వవేత్త జోనథన్ హైట్‌ది. 2010–2015 మధ్య బాల్యం ఆటను వదిలి ఫోనుకు మారిపోయిందని, పిల్లల మానసిక ఆరోగ్యం కుప్పకూలడానికి అదే ముఖ్య కారణమని 2024లో వచ్చిన 'ది యాంక్షస్ జనరేషన్'లో ఆయన వాదించాడు. ఫోను చేసే మూల హానులు నాలుగని లెక్కపెట్టి, నిద్రలేమిని వాటిలో ఒకటిగా చేర్చాడు. హైస్కూలు వయసు వచ్చేదాకా స్మార్ట్‌ఫోను వద్దు, 16 ఏళ్లు నిండేదాకా సోషల్ మీడియా వద్దు, బడిలో ఫోను కనబడకూడదు, పిల్లల్ని స్వేచ్ఛగా ఆడుకోనివ్వాలి. ఆయన చెప్పిన మందులివి. మన కేంద్ర ప్రభుత్వ ఆర్థిక సర్వే (2024–25) కూడా పిల్లల మానసిక ఆరోగ్యం దగ్గరకొచ్చేసరికి ఆయన పుస్తకాన్నే ఉదాహరించింది. అక్కడి నుంచి సెమినార్ పత్రాల్లోకి, పత్రికల సంపాదకీయాల్లోకి దిగడానికి ఎంతోకాలం పట్టలేదు.

డిజిటల్ వాడకం కౌమారుల శ్రేయస్సులోని వ్యత్యాసంలో 0.4 శాతానికి మించి వివరించదని 2019లో ఎమీ ఆర్బెన్, ఆండ్రూ షిబిల్‌స్కీ చూపించారు. అప్పటినుంచి అమెరికా, బ్రిటన్ పరిశోధకుల మధ్య నడుస్తున్న గణాంకాల తగాదాలోకి నేను పోను. నా అభ్యంతరం కాలం గురించీ, స్థలం గురించీ.

ముందు కాలం. హైట్ చెప్పే 2010–15 నాటికి మన పల్లెల్లో, చిన్న పట్టణాల్లో పిల్లల చేతికి స్మార్ట్‌ఫోను ఇంకా రాలేదు. చవక డేటా 2016 సెప్టెంబరులో జియోతో మొదలైంది. కానీ కార్పొరేట్ జూనియర్ కాలేజీల్లో విద్యార్థుల ఆత్మహత్యలపై ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నీరదారెడ్డి కమిటీని వేసింది 2001లో. అంటే రోగం స్మార్ట్‌ఫోను కంటే పదిహేనేళ్లు ముందే ప్రభుత్వం దృష్టికి వచ్చింది. ఈ ఒక్క తేదీ చాలు, హైట్ కాలపట్టికను మన నేలమీద పరచడం కుదరదనడానికి.

తరవాత స్థలం. బడిలో ఒంటరితనం పెరిగిందని మనస్తత్వవేత్త జీన్ ట్వెంగీ, హైట్ తదితరులు 2021లో 37 దేశాల పీసా (అంతర్జాతీయ విద్యార్థి పరీక్ష) సమాచారంతో రాసిన పత్రంలో భారతదేశం లేదు. ఉండే వీలూ లేదు. మన దేశం నుంచి పీసా పరీక్ష రాసింది హిమాచల్ ప్రదేశ్, తమిళనాడు మాత్రమే, అదీ ఒక్కసారే. ఇక ఫోను ఎవరి సొంతం అన్న లెక్క చూద్దాం. గ్రామీణ విద్యపై జరిగే అసర్ 2023 సర్వేలో స్మార్ట్‌ఫోను వాడటం తెలిసిన 14–18 ఏళ్ల గ్రామీణ యువతలో సొంత ఫోను ఉన్న అబ్బాయిలు 43.7 శాతం, అమ్మాయిలు 19.8 శాతం. తక్కినవాళ్లు నాన్న ఫోనో అన్నయ్య ఫోనో అడిగి తీసుకునేవాళ్లు. అర్ధరాత్రి దుప్పటి కింద ఫోను వెలుగుతుందనే అమెరికా చిత్రం ఇలాంటి ఇంటికి ఎలా అతుకుతుంది?

ఫోను లేని ప్రయోగశాల

హైట్ కోరిన ఫోను లేని బడి మనకు కొత్త కాదు. ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలు ఏళ్ల తరబడి దాన్ని నడుపుతున్నాయి. నేను మాట్లాడిన పిల్లలందరి హాస్టళ్లలోనూ ఫోను నిషిద్ధమే. ఇంటికి మాట్లాడాలంటే వారానికోసారి, వార్డెన్ ఫోనులో, వెనక వరుస కట్టి నిలబడ్డవాళ్లు వింటుండగా. పెట్టె తనిఖీలో ఫోను దొరికితే తల్లిదండ్రుల్ని పిలిపిస్తారు. తెర దోషి అయితే ఈ పిల్లలు హాయిగా నిద్రపోవాలి. పోతున్నారా?

వాళ్లు చెప్పిన దినచర్య కాలేజీ కాలేజీకీ కొద్దిగా మారుతుంది కానీ అస్థిపంజరం ఒకటే. తెల్లవారుజామున 5 గంటలకు బెల్లు. బాత్‌రూముల దగ్గర వరుస తప్పించుకోవాలంటే 4:30కే లేవాలి. 6 నుంచి మార్నింగ్ స్టడీ, టిఫిన్, 8 నుంచి క్లాసులు, మధ్యాహ్నం భోజనం, మళ్లీ క్లాసులు, సాయంత్రం కాస్త విరామం, ఆ తరవాత నైట్ స్టడీ. అది 10:30కి ముగుస్తుంది. మర్నాడు వీకెండ్ టెస్టు ఉంటే ఎవరూ ముగియనివ్వరు. స్టడీ అవర్‌లో తల వాలితే లేచి నిలబడి చదవాలి. మరీ తూలితే మొహం కడుక్కుని రమ్మంటారు. ఒక ఎంపీసీ కుర్రాడు మోచేతులు చూపించాడు. నిలబడి చదువుతూ గోడకు ఆనుకుని నిద్రపోవడం నేర్చుకున్నాడట, అక్కడ తోలు గరుకెక్కింది. "పుస్తకం మొహానికి అడ్డంగా పట్టుకోవాలి సార్. పేజీ మాత్రం తిప్పుతూ ఉండాలి, లేకపోతే దొరికిపోతాం" అన్నాడు. పేజీ ఎలా తిప్పుతావంటే నవ్వి, "అలవాటైపోద్ది" అన్నాడు.

ఆ కుర్రాడికి ఇంకో భయం కూడా ఉంది. వీకెండ్ టెస్టులో ర్యాంకు పడితే సెక్షన్ మారుస్తారు. సెక్షన్ మారితే లెక్చరర్లు మారతారు, గది మారుతుంది, పక్క మంచం స్నేహితుడు మారతాడు. శనివారం రాత్రి నిద్రపట్టదని అతను చెప్పింది దీనివల్ల. పడుకోవడానికి ఆరు గంటలు ఇచ్చినా పట్టేది అంతకంటే తక్కువే. ఏ యాపూ చెయ్యని పని ఆ ర్యాంకుల జాబితా చేస్తోంది.

శరీరం లెక్క

యుక్తవయసు వచ్చాక శరీర గడియారం వెనక్కి జరుగుతుందని, నిద్రవేళను సూచించే మెలటోనిన్ హార్మోను ఆలస్యంగా ఊరుతుందని నిద్ర పరిశోధకురాలు మేరీ కార్స్‌కడన్ 1990లలోనే చూపించింది. ఆ వయసు పిల్లవాడు త్వరగా పడుకోలేకపోవడం సోమరితనం కాదు, శరీరధర్మం. 13–18 ఏళ్లవాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలన్నది అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో ఇచ్చిన సిఫారసు. ఐదింటికి లేవాల్సినవాడికి తొమ్మిది గంటలు దక్కాలంటే రాత్రి ఎనిమిదికి పడుకోవాలి. ఆ వేళకి హాస్టల్‌లో నైట్ స్టడీ నడుస్తుంటుంది. పైగా కలల నిద్ర రాత్రి చివరి భాగంలోనే ఎక్కువ. తెల్లవారుజాము బెల్లు కోసేది సరిగ్గా ఆ భాగాన్నే. ఉద్వేగాలు సర్దుకోవడానికి పనికొచ్చే నిద్ర అదే.

వేళ మారిస్తే ఏమవుతుందో తెలియాలంటే అమెరికాలోని సియాటిల్ అనుభవం ఇక్కడ వివరంగా చూడాలి. అక్కడి హైస్కూళ్లు 2016 శరత్కాలంలో ఉదయం 7:50కి బదులు 8:45కి మొదలవడం ప్రారంభించాయి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన హొరాషియో డి లా ఇగ్లేసియా బృందం రెండు బడుల్లో, మార్పుకు ముందు ఒకసారి, తరవాత ఒకసారి, పిల్లల మణికట్టుకు కదలికల్ని నమోదు చేసే పట్టీలు కట్టి నిద్రను కొలిచింది. బడి ఆలస్యమైతే పిల్లలు అంత ఆలస్యంగా పడుకుంటారని చాలామంది అనుకున్నారు. అలా జరగలేదు. రాత్రి నిద్ర సగటున 34 నిమిషాలు పెరిగి, 6 గంటల 50 నిమిషాల నుంచి 7 గంటల 24 నిమిషాలకు చేరింది. మార్కులు కూడా పెరిగాయి. 2018లో వచ్చిన ఈ ఫలితాల్లో గమనించాల్సింది ఒకటుంది. అక్కడ మారింది బడి వేళ. ఫోన్లు పిల్లల జేబుల్లోనే ఉన్నాయి. బడి ఆలస్యంగా మొదలవడాన్ని కాలిఫోర్నియా చట్టమే చేసింది. 2022 జులై నుంచి అక్కడ హైస్కూళ్లు 8:30కి ముందు మొదలవకూడదు.

పడుకునే ముందు తెర చూస్తే నిద్ర తగ్గుతుందని 2016లో 20 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ చెప్పింది, దాన్ని నేను కాదనను. కానీ తెర మెలటోనిన్‌ను అణచివేస్తుందనడానికి తరచూ చూపే 2015 నాటి ప్రయోగంలో పాల్గొన్నది పన్నెండుమంది. నాలుగు గంటలపాటు ఈ-పుస్తకం చదివితే నిద్రపట్టడానికి పట్టిన అదనపు సమయం సుమారు పది నిమిషాలు. పది నిమిషాల దొంగను పట్టుకోవడానికి పత్రాల మీద పత్రాలు వస్తున్నాయి. రాత్రికి రెండు మూడు గంటలు ఎత్తుకుపోయే దొంగ బెల్లు కొట్టి మరీ వస్తున్నాడు.

విధానాల సంగతి

2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర నమోదు సంస్థ లెక్క. ఆ పట్టికల్లో పరీక్ష తప్పడానికి ఒక గడి ఉంది, నిద్రకు లేదు. కోచింగ్ రోజుకు ఐదు గంటలు మించకూడదని, మరీ తెల్లవారుజామున గానీ మరీ పొద్దుపోయాక గానీ నడపకూడదని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో మార్గదర్శకాలిచ్చింది. కాలేజీ, కోచింగ్ ఒకే కప్పు కింద, ఒకే లెక్చరర్‌తో నడిచేచోట ఏ గంట దేని ఖాతాలో పడుతుందో తేల్చేవాళ్లు లేరు. విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటున్న విద్యార్థిని 2023లో మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో పదిహేను మార్గదర్శకాలిచ్చింది. మార్కుల్ని బట్టి బ్యాచులు విడదీయొద్దన్నది అందులో ఒకటి. సెక్షన్ మార్పు భయంతో శనివారం రాత్రి మేలుకున్న కుర్రాడికి ఆ ఒక్క వాక్యం ఏ ఫోను నిషేధం కన్నా ఎక్కువ మేలు చేస్తుంది. దాని పక్కన కనీస నిద్ర గంటల్ని కూడా చేర్చాలి.

తెలుగు కౌమారుల మానసిక ఆరోగ్య సమస్య మూలంలో టైంటేబుల్ సమస్య. తెర దాని మీద పడ్డ నీడ. సెలవుల్లో రాత్రి రెండింటిదాకా రీల్స్ చూసే పిల్లవాడు కూడా రెండేళ్లు తన చేతిలో లేని సమయాన్ని తిరిగి లాక్కుంటున్నవాడే. ఇంటర్ బోర్డులు గుర్తింపు పునరుద్ధరణకు వచ్చిన ప్రతి కాలేజీ నుంచి హాస్టల్ దినచర్యను లిఖితపూర్వకంగా తీసుకుని, బెల్లు వేళా లైట్లు ఆర్పే వేళా చూసిన తరవాతే సంతకం పెట్టాలి. ఇకముందు ఈ విషయం మీద పత్రం రాయబోయే పరిశోధకులు ఫోను గంటలు అడిగే ముందు హాస్టల్ గోడకు అంటించిన టైంటేబుల్‌ను సమాచారంగా సేకరించాలి. అది లేని పత్రాన్ని మన పత్రికలు అచ్చుకు తీసుకోకపోవడమే మంచిది.