జాబ్ బోర్లిస్తే జీరో ఎక్కడ?

కుల్కచర్ల, తాండూరు వైపు నుంచి ఐటీఐ చదివి బాలానగర్, జీడిమెట్ల షెడ్లలో చేరే కుర్రాళ్లకు సీఎన్‌సీ మిల్లింగ్ మీద ముందుగా పట్టుబడాల్సిన పని జీరో, అంటే కొలతలు మొదలయ్యే చోటు, పెట్టడం. ఒక వైపు కోత ముగించి, జాబ్‌ను (కోసే ముక్కను) బోర్లించి రెండో వైపు కోయాలంటే ఆ జీరోను ఎక్కడ నిలపాలి? ఈ చిక్కు కంప్యూటర్ కంటే పాతది.

చేతిపని కాలంలో సర్ఫేస్ ప్లేట్ మీద జాబ్‌ను నిలిపి, హైట్ గేజ్‌తో గీతలు గీసేవారు. కొలతలన్నీ ఒకే చదును ముఖం నుంచి లెక్క. తర్వాత జిగ్ బోరింగ్ మిషన్లు గీతను పక్కనపెట్టి, రంధ్రం చోటును రెండు దిక్కుల దూరాలతో పట్టాయి. 1952లో అమెరికాలోని ఎంఐటీ, పంచ్ టేపుతో నడిచే మిల్లింగ్ మిషన్‌ను చూపించింది.

మన దగ్గర సికింద్రాబాద్‌లో 1943లో ప్రాగా టూల్స్, బాలానగర్‌లో 1968లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ మొదలయ్యాయి. హైదరాబాద్‌లో టూల్‌రూమ్ విద్యకు ఈ రెండో సంస్థే పెద్ద ఆసరా.

జీరో పెట్టే పనిలో అసలు మలుపు నా దృష్టిలో జీ54 నుంచి జీ59 వరకు వచ్చిన ఆరు వర్క్ ఆఫ్‌సెట్లు. మిషన్ జీరో కదలదు. జాబ్ జీరోలు మాత్రం దేనికదే. మొదటి వైపుకు జీ54, రెండో వైపుకు జీ55 పెట్టుకోవచ్చు. 1970ల మొదట్లో ఇంజనీరు డేవిడ్ మెక్‌మర్ట్రీ, కాంకార్డ్ విమానపు ఇంజన్ పని కోసం టచ్ ప్రోబ్ కనిపెట్టాడు. ఆ కోవ ప్రోబ్‌లు తర్వాత మిల్లింగ్ మిషన్లకూ వచ్చి, అంచు వెతికే శ్రమను తగ్గించాయి. కానీ ఏ అంచును తాకాలో ప్రోబ్ చెప్పదు.

జాబ్‌ను ఎడమ నుంచి కుడికి బోర్లిస్తే, వైస్ కదలని దవడను ఆనుకున్న ముఖం మళ్లీ అక్కడే ఆనుతుంది. కాబట్టి వై జీరో నిలుస్తుంది. ఎక్స్‌లో మాత్రం ఎడమ అంచు కుడికి పోతుంది. మొదట తాకిన ఆ అంచునే వెతికి తాకాలి. కొత్తగా ఎడమకు వచ్చిన అంచును తాకితే ముడిసరుకు పొడవులోని తేడా అంతా రంధ్రాల మీద పడుతుంది. పలకల పనిలో తిప్పే గీత మీదే రెండు డోవెల్ పిన్‌లు దిగ్గొట్టి, జీరోను ఆ గీత మీద ఉంచితే ఈ బాధ లేదు.

జెడ్ విషయంలో నాకు సందేహం లేదు. రెండో వైపుకు గరుకు పైముఖం నమ్మదగింది కాదు. ఫినిష్ అయిన ముఖం కింద ప్యారలల్స్ మీద కూర్చుంటుంది. జీరో అక్కడే పెడితే ముడిసరుకు మందం ఎంతున్నా తుది మందం డ్రాయింగ్ ప్రకారమే వస్తుంది.