వంద కోట్ల పోస్టర్ వెనక లెక్క

2008 డిసెంబరు 25న విడుదలైన హిందీ ‘గజిని’ దేశంలో వంద కోట్ల నెట్ దాటిన తొలి హిందీ చిత్రమని ట్రేడ్ వర్గాలు లెక్కగట్టాయి. ‘వంద కోట్ల క్లబ్’ అన్న మాట ఆ తర్వాతే ఊరూరా పాకింది. అంతకుముందు సినిమా విజయాన్ని వారాలతో కొలిచేవారు: పాతిక వారాలాడితే సిల్వర్ జూబ్లీ, యాభై ఆడితే గోల్డెన్ జూబ్లీ. 1975 ఆగస్టు 15న వచ్చిన ‘షోలే’ బొంబాయి మినర్వా థియేటర్లో ఐదేళ్లు ఆడింది. వారాల స్థానంలోకి కోట్లు వచ్చాయి కానీ, జనాదరణను కొలవడానికి ఈ కొత్త కొలత ఎంతవరకు పనికొస్తుంది?

ముందు పోస్టర్ మీది అంకె ఏమిటో తేల్చుకోవాలి. ప్రేక్షకుడు టికెట్‌కు ఇచ్చిన మొత్తం గ్రాస్. పన్ను పోగా మిగిలింది నెట్. అందులో థియేటర్ వాటా తీసేస్తే డిస్ట్రిబ్యూటర్‌కు చేరేది షేర్. టికెట్ 300 రూపాయలనుకుందాం. 18 శాతం జీఎస్టీ పోగా నెట్ సుమారు 254. మల్టీప్లెక్సులకూ హిందీ నిర్మాతలకూ మధ్య 2009లో నడిచిన వివాదం ముగిశాక కుదిరిన ఒప్పందం ప్రకారం తొలివారం షేర్ 50 శాతం, ఆపైన 42.5, 37.5, చివరకు 30. అంటే తొలివారం ఆ 300లో డిస్ట్రిబ్యూటర్‌కు దక్కేది 127, నాలుగోవారం 76. సింగిల్ స్క్రీన్లలో అద్దె పద్ధతి కూడా ఉంది కాబట్టి అక్కడ లెక్క వేరు. మూడు వందల కోట్ల గ్రాస్‌ను చూసి నిర్మాత జేబులోకి మూడు వందల కోట్లు వచ్చాయనుకోవడం పొరపాటు.

కాలాల మధ్య పోలిక ఇంకా చిక్కు. 2017 ఏప్రిల్ 28న వచ్చిన ‘బాహుబలి 2’ హిందీ వెర్షన్ 500 కోట్ల నెట్ దాటింది. 2024 డిసెంబరులో వచ్చిన ‘పుష్ప 2’ హిందీ వెర్షన్ 800 కోట్లు దాటింది. మనకు గర్వకారణమే. అయినా రెండో సినిమాను ఎక్కువమంది చూశారని ఈ అంకెలు రుజువు చేయవు. మధ్యలో టికెట్ ధరలు పెరిగాయి. పైగా మొదటిది విడుదలైనప్పుడు రాష్ట్రానికో రేటున వినోదపు పన్ను ఉండేది. జీఎస్టీ ఆ ఏడు జూలై 1న గానీ రాలేదు. ‘దంగల్’ మరో హెచ్చరిక. దాని ప్రపంచ గ్రాస్‌లో సగానికి పైగా చైనాదే. ఆ మొత్తాన్ని ఇక్కడి ఆదరణకు కొలతగా చూపడం సరికాదు.

అంకెల మూలం కూడా చూడాలి. మన దేశంలో అవి ప్రధానంగా నిర్మాతల ప్రకటనలు, ట్రేడ్ అంచనాలు. అమెరికాలో థియేటర్ల నుంచి వసూళ్లను కామ్‌స్కోర్ సేకరిస్తుంది; అందుకే అక్కడి తెలుగు సినిమాల డాలర్ లెక్కల మీద నమ్మకం కాస్త ఎక్కువ. ఫ్రాన్స్, దక్షిణ కొరియాల్లో అధికారిక సంస్థలే అమ్ముడైన టికెట్ల సంఖ్యను ప్రచురిస్తాయి. నా దృష్టిలో జనాదరణకు దగ్గరి కొలత అదే. ధర పెరిగినా పన్ను మారినా టికెట్ టికెట్టే.

మన మల్టీప్లెక్సుల్లో టికెట్లన్నీ కంప్యూటర్ మీదే తెగుతున్నాయి. నిర్మాతల మండళ్లు, ఎగ్జిబిటర్లు కూర్చుని కనీసం సినిమావారీగా, రాష్ట్రంవారీగా టికెట్ల సంఖ్యను బయటపెట్టాలి. అందాకా కోట్ల పోస్టర్ కనబడితే పాఠకులు అడగవలసింది మూడే: అది గ్రాసా, నెట్టా? ఏ దేశాలవి కలిపారు? లెక్కగట్టింది ఎవరు?